ఖాళీ పడవతో కయ్యం

నెగడు దగ్గరికి ఇంకాస్త జరగండి. పుష్య మాసం కదా, భద్రాచలం దాటి అడవిలోకి నాలుగడుగులు వేస్తే చలి ఎముకలు కొరుకుతుంది. చేతులు కాచుకుంటూ వినండి, నా పరువుతక్కువ సంగతి ఒకటి చెబుతాను.

ఖమ్మంలో దగ్గరి బంధువులింట పెళ్లి. శుభలేఖలో ఊళ్లో అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు. పెళ్లికి వెళ్లలేదు సరికదా, రెండేళ్లు మాటలు మానేశాను. మా ఆవిడ "పోనిద్దురూ" అన్నప్పుడల్లా ఇంకా మండేది. తీరా తెలిసిందేమిటంటే, అచ్చులో ఒక వరుస ఎగిరిపోయిందట! పెళ్లికూతురి సొంత మేనమామ పేరూ అందులోనే పోయింది. ఆయన మాత్రం వెళ్లి, దగ్గరుండి వడ్డనలు చేయించి, అరిసెలు కట్టించుకుని మరీ వచ్చాడు.

చైనాలో సుమారు 2300 ఏళ్ల కిందట చువాంగ్ త్జు అనే తావో జ్ఞాని ఉండేవాడు. ఆయన చెప్పిన ముచ్చట మన గోదారొడ్డుకు అతికినట్టు సరిపోతుంది. ఏరు దాటుతుంటే ఇంకో పడవొచ్చి మన పడవకు గుద్దుకుంది. అందులో మనిషి కనిపించాడా, వాడి ఏడు తరాలనూ దులిపేస్తాం. ఖాళీ పడవైతే, ఎంత కోపిష్టి అయినా గడకర్రతో పక్కకు నెట్టి తన దారిన పోతాడు. నేను రెండేళ్లు తిట్టింది ఖాళీ పడవని! చువాంగ్ త్జు ఇంకో మెట్టు పైకెళ్లి, నువ్వే ఖాళీ పడవవైతే నీతో ఎవరికి తగువు అన్నాడు. అంత మెట్టు నావల్ల కాదు లెండి.

తగ్గి ఉండటం ఎలాగో చెప్పడానికి ఇంకో తావో పెద్దాయన లావో త్జు నీళ్లను చూపించాడు. ఎవరికీ పట్టని పల్లానికే అవి పోతాయి. కిన్నెరసాని, శబరి వచ్చి గోదారిలో కలుస్తున్నాయంటే, ఇది వాటికన్నా పల్లాన ఉండబట్టేగా!

అలాగని గోదారికి కోపం రాదనుకోకండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచింది. కాకపోతే 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఉంటాయి. నాకు అవీ లేవు. శుభలేఖ విప్పగానే నేరుగా ఊరు ముంచాను.

ఇప్పుడు మొదటి హెచ్చరిక దగ్గరే "పడవలో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతున్నాను. చాలాసార్లు ఎవరూ ఉండరు. మీరూ మాటలు మానేసిన చుట్టం ఎవరైనా ఉంటే, ఈసారికి మీరే పల్లానికి దిగండి. తెల్లారగానే ఒక ఫోన్ చేయండి.