పొగబండి నంబర్లు

మొన్న మన సంఘం గ్రూపులో ఎవరో ఇంగ్లండు పొగబండ్ల పాత ఫొటోలు పెట్టినారు. అక్కడ మెయిన్ లైన్లలో 1968 ఆగస్టుతో బొగ్గు ఇంజన్లు ఆపేసినారు. అంతవరకూ పిల్లలు ప్లాట్‌ఫారం చివర నిలబడి ప్రతి ఇంజను నంబరూ రాసుకొనేవాళ్లంట. ఇయాన్ అలన్ అనే ఆయన 1942 నుంచి ఆ నంబర్ల పుస్తకాలే అచ్చేసి అమ్మినాడు. చదివి నవ్వుకున్నా. ఆ పిచ్చి నాకూ ఉండేది, నాది లెక్కల నోటుబుక్కు.

మన ఆవనికి రైలు లేదు, ముళబాగిలుకూ లేదు. వేసవి సెలవులకు బంగారపేటలో మేనమామ ఇంటికి పోవాలంటే కోలారు దాకా బస్సు, అక్కడినుంచి చిన్న బండి. 1913లో వేసిన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. బంగారపేటలో దిగితే పక్కనే మద్రాసు-బెంగళూరు పెద్ద బండి. ఇంకో పక్క గనుల కోసం 1894లో వేసిన మారికుప్పం లైను. ఇంజన్ల పిచ్చి ఉన్నోడికి అంతకంటే ఏం కావాలి? డబ్ల్యూపీ ఇంజనుకు గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం. అది వస్తే అన్నం వదిలేసి పరిగెత్తేవాణ్ణి.

మామ ఫైర్‌మన్. జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బంగారపేటకు దాదాపు నాలుగు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆ దారంతా ఆయన పార ఆగదు. ఒక కన్ను మంట మీద, ఒక కన్ను గాజుగొట్టంలో నీళ్ల మట్టం మీద. డ్యూటీ దిగి ఇంటికొస్తే మొగం కడిగిన నీళ్లు మూడోసారికి గాని తెల్లబడవు. దిండు గలీబులు ఎన్ని ఉతికినా నలుపు పోదని అత్త గొణిగేది.

చిత్తరంజన్‌లో 1972లో బొగ్గు ఇంజన్లు చెయ్యడం మానేసినారు. బ్రాడ్‌గేజ్‌లో చివరి బండి పంజాబులో ఫిరోజ్‌పూర్-జలంధర్ మధ్య 1995 డిసెంబరు 6న నడిచింది. ఆ వార్త చదివి వినిపించి, "బాధగా లేదా మామా?" అన్నా. అప్పటికి ఆయన రిటైరయినాడు, దగ్గు మాత్రం పోలేదు.

"బాధెందుకబ్బా? మే నెలలో ఆ ఎక్కుడులో ఒక్క దినం పార పట్టి చూడు, అప్పుడడుగు" అన్నాడు. కొంచేపటికి ఆయనే, "ఏ నంబరు బండి అది?" అన్నాడు.

ఇంజన్ల నంబర్లు రాసిపెట్టినోళ్లు చాలామంది ఉన్నారు. మన సంఘంలో ఫైర్‌మన్లు, డ్రైవర్లు, షెడ్డు పనివాళ్లు ఉన్న ఇండ్లు కనీసం పది ఉంటాయి. వాళ్ల పేర్లు, ఏ లైనులో ఎన్నేండ్లు చేసినారు, ఇక్కడే కింద రాయండి. బతికుండే పెద్దోళ్లు ఉంటే ముందు వాళ్లనడగండి. వచ్చే మీటింగుకు నేను నోటుబుక్కు తెస్తా. ఈసారి రాసేది పేర్లు.