తేల్చలేమన్నదీ జవాబే

2016 అక్టోబరులో వరంగల్లు జిల్లాను విడగొట్టినప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ మూడు ఊళ్ళలోనూ మాకు బంధువులున్నారు. ఊరికొకరు చొప్పున ముగ్గురు పిల్లలు జీఆర్ఈ గణితం చెప్పమని నన్నడిగారు. ముగ్గురూ పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆపైన ఇంజనీరింగు ముగించినవారే. కలనగణితం వచ్చు, మాత్రికలు వచ్చు. తడబాటంతా బడిలో చదివిన బీజగణితం దగ్గరే!

జనగామ అబ్బాయిది భాష ఇబ్బంది. 'నో మోర్ దాన్ ఫైవ్' అన్నచోట 'మోర్' కనబడగానే పెద్దది అనే గుర్తు వేసేవాడు. 'ఐదుకు మించకుండా' అంటే పొరబడేవాడు కాదు. ముందు తెలుగులో అనుకొని తర్వాత గుర్తు వేయమన్నాను. అంతటితో సరి.

మానుకోట అమ్మాయి (మహబూబాబాదును మావాళ్ళింకా అలాగే అంటారు) ఎక్స్ వర్గం 16 అనగానే 4 అని రాసి ముందుకు సాగిపోయేది. రుణ 4 ఏమైనట్టు? ధన రుణాలు రెండింటి వర్గమూ ధనమేనని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెనిగించాడు. ఇదంతా విని ఆమె, "మల్లనగారికి గడియారం పెట్టారా?" అంది. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించాక 27 ప్రశ్నలకు 47 నిమిషాలు మరి! తెరమీద క్యాలిక్యులేటరు ఉంటుంది గాని, మరచిన రుణసంఖ్యను అది గుర్తుచేయదు.

భూపాలపల్లి అబ్బాయితోనే అసలు వాదం. తండ్రి సింగరేణి గనిలో పనిచేస్తాడు. పరీక్ష రుసుము వేలల్లో ఉంటుంది కనుక మళ్ళీ మళ్ళీ రాసే వీలులేదు. ఒక తరహా ప్రశ్నలో రెండు రాశులిచ్చి, మొదటిది పెద్దదా, రెండోది పెద్దదా, సమానమా, తేల్చలేమా అని అడుగుతారు. ఎక్స్ వర్గం, ఎక్స్ ఇస్తే వర్గమే పెద్దదన్నాడు. ఎక్స్ 3 అయితే నిజమే. 1 అయితే సమానం. అర అయితే వర్గం పావే! కనుక తేల్చలేమన్నదే సరైన జవాబు.

"లెక్క ఇచ్చినంక జవాబు లేకపోవుడేంది మామా?" అన్నాడు.

న్యాయమైన కోపమే. చలరాశి అని చక్కటి పేరు పెట్టుకున్నాం, కదిలేది అని. ప్రశ్నపత్రంలో మాత్రం దాన్ని దాక్కున్న దొంగలా చూస్తాం. 'ఎక్స్ విలువ కనుగొనుము' అన్న ఆజ్ఞ కింద ఇన్నేళ్ళు చదివినవాడికి, అది ఎన్ని విలువలైనా కావచ్చునంటే మింగుడుపడుతుందా?

ఇప్పుడు ఎక్స్ కనబడగానే 2, 1, 0, అర, రుణ అర, రుణ 2 అని చిత్తుకాగితం అంచున రాసుకుంటున్నాడు. రెండింటికి రెండు జవాబులొస్తే తేల్చలేమని నొక్కి కదులుతాడు. అన్నిటికీ ఒకే జవాబు వస్తే అది రుజువైనట్టేనా అన్నదానిమీద మా వాదం ఇంకా నడుస్తోంది. పరీక్ష వచ్చే నెల.