చార్జీ ఉన్నాదేటి, నాయనా?

ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఎప్పటివలెనే ఒక యాత్రావిశేషం వ్రాసి పంపుదామనుకున్నాను. అయితే కొంతకాలంగా క్యాంటీనులో మిత్రులు నన్ను చూసినప్పుడల్లా అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "ఆ ఫోను ఎలా ఉందండీ? అంత డబ్బు పెట్టవచ్చునా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కన్నా అందరికీ కలిపి ఒకసారి వ్రాయడమే మేలనిపించింది. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాడిని కాను. లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళు గడిపినవాడిని. దేనినైనా జమాఖర్చుల కంటితో చూడడమే నాకు అలవాటు.

ఆ ఫోను సాంసంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రా. 2024 జనవరిలో విడుదలయింది. అదే ఏడాది మే నెలలో మా అమ్మాయి విశాఖపట్నం నుండి వచ్చి దానిని నా చేతిలో పెట్టింది. ఆనాటికి ఆ కంపెనీ మామూలు ఫోన్లలో అదే పై మెట్టు. తరువాత ఇంకా కొత్తవి వచ్చాయి, వస్తూనే ఉంటాయి. విడుదలనాటి ధర 1,29,999 రూపాయలతో మొదలని తెలిసి నాకు నోట మాట రాలేదు. నా మొదటి స్కూటరు ఖరీదు ఇందులో నాలుగో వంతు కూడా కాదు. "నీకిది ఎందుకమ్మా, దండగ?" అన్నాను. "తుఫానులు వస్తాయి కదా నాన్నా" అన్నది. ఆ మాట వెనుక ఒక కథ ఉన్నది. అది తరువాత చెబుతాను.

సెల్‌ఫోను గురించి వ్రాయడానికి ఈ నగరవాసులకు కొంత హక్కు ఉన్నదనే అనుకుంటాను. 1882లోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి తెరుచుకున్న ఊరు ఇది. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ కూడా ఇక్కడి నుండే జరిగింది. 1995 జూలై 31న నాటి ముఖ్యమంత్రి శ్రీ జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్స్ నుండి ఢిల్లీలోని సంచార్ భవన్‌లో ఉన్న కేంద్రమంత్రి శ్రీ సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పటికి నేను కలకత్తా వచ్చి రెండేళ్ళు. ఈ ఊరి పేరు అప్పుడు కలకత్తాయే, కోల్‌కతా కావడానికి 2001 రావలసి వచ్చింది. మరునాడు మా గదిలో అందరమూ ఆ సంగతే చెప్పుకున్నాము. నిమిషానికి 16 రూపాయల వరకు ఖర్చని విని మా సూపరింటెండెంటుగారు, "ఇక మౌనవ్రతం పట్టేవారే ధనవంతులు" అన్నారు. ఆ రోజుల్లో మాట్లాడినవారే కాదు, విన్నవారు కూడా డబ్బు చెల్లించేవారు. వచ్చే పిలుపుకు రుసుము పోయినది 2003లోనే. ఆనాటి చేతి ఫోన్లు రెండువందల గ్రాములకు పైబడి తూగేవి. ఇన్నేళ్ళ విజ్ఞానం తరువాత నా చేతిలో ఉన్నది 232 గ్రాములు! కాకపోతే ఆనాటి బరువంతా బ్యాటరీ, యాంటెన్నాలది. నేటి బరువు అద్దానిది, లోహానిది, కెమెరాలది.

రూపం సంగతి త్వరగా ముగిస్తాను. చుట్టూ టైటానియం చట్రం, ముందు వెనుకల గాజు, నాలుగు మూలలూ కోణాలుగా ఉన్న బల్లపరుపు పలక. క్రింది అంచులో ఒక కలం దాగి ఉంటుంది. సంతకాలకు, చిన్న చిన్న లెక్కలకు అది నాకు బాగా ఉపయోగపడుతున్నది. మూడు దశాబ్దాలుగా ఫైళ్ళ అంచులలో నోట్లు వ్రాసిన చేతికి వ్రేలితో గీకడం కన్నా కలం పట్టడమే సుఖం. చొక్కా జేబులో వేసుకుంటే మాత్రం జేబు ఒక ప్రక్కకు వ్రేలాడుతుంది. నా ప్రక్క సీటు బెంగాలీ మిత్రుడు దానిని చేతిలో ఎత్తి చూసి, "దాదా, ఇల్లు కట్టడం మొదలుపెట్టారా? మొదటి ఇటుక కొన్నారు!" అన్నాడు. నీటికి తట్టుకునే ఏర్పాటు ఉన్నది. ఒకటిన్నర మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉన్నా చెడదని కంపెనీ వారి మాట. ఠన్‌ఠనియా వీధులలో శ్రావణమాసపు నీటిని దాటేవారికి ఇది అలంకారం కాదు, అవసరం. పెట్టెలో చార్జరు లేదు. ఈ తరగతి ఫోన్లలో 2020, 2021ల నుండి అదే ఆచారమయిపోయింది. లక్షా ముప్పై వేల వస్తువుతో చార్జరు ఇవ్వకపోవడాన్ని ఏ ఆడిట్ వారైనా అభ్యంతరపెట్టక మానరు.

తెర విషయంలో నాకు అభ్యంతరాలు లేవు. 6.8 అంగుళాల తెర. అంగుళానికి సుమారు 500 చుక్కలు. ఇంగ్లీషు చదివేవారికి ఇంత సన్నని చుక్కలు అక్కరలేకపోవచ్చు, తెలుగు చదివేవారికి అక్కర ఉన్నది. మన అక్షరాలకు వత్తులున్నాయి, పైన గుడి, ప్రక్కన సున్న ఉన్నాయి. నా పాత ఫోనులో "థ"కూ "ధ"కూ, "ష"కూ "ప"కూ తేడా తెలియక ఊహించి చదువుకునేవాడిని. మా తమ్ముడి ఉత్తరాలలో అతని తప్పులేవో, తెర తప్పులేవో తేలేది కాదు. ఈ తెర మీద "రాష్ట్రం" అన్న మాటలో ష క్రింది ట వత్తు, దాని ప్రక్కన ర వత్తు కూడా విడివిడిగా కనబడతాయి. అయితే ఫోను కొన్ననాడు ఇది పూర్తి నాణ్యతలో ఉండదు. బ్యాటరీ ఆదా కోసం ఒక మెట్టు తగ్గించి పంపుతారు. సెట్టింగులలోకి వెళ్ళి మనమే పెంచుకోవాలి. ఈ సంగతి నాకు రెండు వారాలు తెలియదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు డల్హౌసీ ప్రాంతంలో, అనగా బి.బా.దీ. బాగ్‌లో, లాల్ దీఘీ గట్టున నిలబడి చూశాను. వైశాఖపు ఎండలో కూడా అక్షరాలు చదవగలిగాను. పై గాజు మీద కాంతిని వెనుకకు కొట్టనివ్వని పూత ఒకటి ఉన్నది. మామూలు గాజుతో పోలిస్తే ప్రతిబింబాన్ని 75 శాతం వరకు తగ్గిస్తుందని కంపెనీ చెప్పుకుంటున్నది. కొలవడానికి నా దగ్గర సాధనం లేదు. నా బట్టతల మాత్రం తెరలో మునుపటంత స్పష్టంగా కనబడడం లేదు. ఈ రకం తెరలలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, నల్లగా ఉండవలసిన చోట ఆరిపోయి ఉంటుంది. నల్లని నేపథ్యం పెట్టుకుంటే బ్యాటరీ మిగులుతుందనడానికి కారణం ఇదే. కదలిక లేనప్పుడు ఈ తెర సెకనుకు ఒక్కసారి, వ్రేలు కదిలితే 120 సార్లు బొమ్మను మారుస్తుంది. ఊరికే తిరిగే ఫ్యాను ఆపివేసే ఇల్లాలి వంటిది ఈ ఏర్పాటు.

ఇక బ్యాటరీ. మా అమ్మాయి మాట వెనుక కథ ఇక్కడ చెప్పాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి మా ఆవిడ అమ్మాయి పురిటికని విశాఖ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నేను బెహాలాలో అద్దె ఇంట ఒంటరిగా ఉన్నాను. మే 20వ తేదీన అంఫన్ తుఫాను సుందరవనాల దగ్గర తీరం దాటి సాయంత్రానికి నగరం మీద విరుచుకుపడింది. దమ్‌దమ్‌లో గాలి గంటకు 130 కిలోమీటర్లు దాటింది. తెల్లవారి తలుపు తీస్తే వీధిలో నేల కనబడలేదు, చెట్లే. వేల చెట్లు కూలాయి. శివపూర్ బొటానికల్ గార్డెన్‌లోని మహావటవృక్షం, రెండున్నర శతాబ్దాల వయసుది, అదీ కొంత భాగం పోగొట్టుకున్నది.

కరెంటు లేదు. నా పాత ఫోను మూడేళ్ళది. తుఫాను మొదలయ్యేసరికి అందులో అరవై శాతం ఉన్నది. రాత్రి సిగ్నల్ పోయింది. ఏ క్షణానైనా కలుస్తుందేమోనని దానిని తలగడ ప్రక్కనే వెలిగించి ఉంచుకున్నాను. అదే నేను చేసిన తప్పు. టవరు దొరకని ఫోను ఊరుకోదు. ఉన్న శక్తినంతా పెట్టి దానిని వెదుకుతూనే ఉంటుంది. మాట్లాడని ఫోను, మాట్లాడే ఫోను కన్నా త్వరగా ఖాళీ కావచ్చును. అలాంటప్పుడు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, గంటకొకసారి తీసి చూడాలి. ఈ ఒక్క ముక్క ఆనాడు నాకు తెలియలేదు. తెల్లవారేసరికి అది నల్లని పలక. మూడేళ్ళ వాడకం, ఈ ఊరి ఎండ కలిసి ఆ బ్యాటరీ సత్తువను అప్పటికే తినివేశాయి. లిథియం బ్యాటరీకి వేడి పరమ శత్రువు.

ఇరవై రెండున పొరుగింటి మాస్టర్‌మశాయ్ తమ కారులో చార్జి పెట్టుకోనిచ్చారు. ఆయన డెబ్బై దాటిన మనిషి. పెట్రోలు ఖర్చవుతుందంటే, "కారు ఎక్కడికి పోతుంది, వీధి నిండా చెట్లు కదా" అన్నారు. అయితే చార్జి ఉన్నప్పుడు సిగ్నల్ లేదు, సిగ్నల్ వచ్చేవేళకు చార్జి లేదు. ఎక్స్ఛేంజి బ్యాటరీ మీద నడిచే పాత తీగ ఫోను ఇంట కరెంటు లేకున్నా పనిచేసేది. దానిని 2017లో నెలకింత దండగని నేనే సరెండర్ చేశాను. జమాఖర్చుల కంటితో చూస్తానని గొప్ప చెప్పుకున్నాను కదా, ఆ పద్దు నేను తప్పు వ్రాశాను.

ఇరవై నాలుగు సాయంత్రం ఫోను కలిసింది. మా తమ్ముడి నుండి మూడు సందేశాలు వరుసగా వచ్చాయి. మొదటిది ఇరవై ఒకటవ తేదీది: "అమ్మ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళం తీసుకువెళుతున్నాను." రెండవది మరునాటిది: "ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. వయసు ఎక్కువ, భరోసా ఇవ్వలేమంటున్నారు. ఏం చెయ్యమంటావు అన్నయ్యా? ఒక్కసారి మాట్లాడు." మూడవది అదే రాత్రి పదకొండింటికి: "సంతకం నేనే పెట్టేశాను."

ఆ రాత్రి పదకొండింటికి నేను ఏమి చేస్తున్నానో నాకు బాగా గుర్తు. కొవ్వొత్తి వెలుగులో నీళ్ళబిందె ఎంత నిండిందో చూసుకుంటున్నాను.

అమ్మ బ్రతికింది. రైళ్ళు లేవు. ఇక్కడి నుండి విమానాలు మే 28కి గాని తిరిగి మొదలు కాలేదు. నేను ఊరు చేరేసరికి ఆమె గోడ పట్టుకుని రెండడుగులు వేస్తున్నది. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉన్నది. అమ్మ మాత్రం, "అక్కడ గాలివాన పడినాదని రేడియోలో సెప్పినారు. నీకేటయిందోనని నా బెంగ" అన్నది. విరిగినది ఆమె తుంటి, బెంగ నా మీద. మాది ఉద్దానం. గాలివాన అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా కొబ్బరితోటలను నేలమట్టం చేసినప్పుడు, ఇక్కడి నుండి రోజుల తరబడి నంబరు నొక్కినవాడిని నేనే. ఆ ఏడాది వారి ఫోను మూగబోయింది, ఈ ఏడాది నాది.

అప్పటి నుండి అమ్మ ఫోనులో కుశలప్రశ్న మారిపోయింది. తిన్నావా అని అడగదు. "చార్జీ ఉన్నాదేటి, నాయనా?" అన్నదే మొదటి మాట.

కొత్త ఫోను బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ అవర్లది. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే సుమారు 19 వాట్ అవర్లు. పది వాట్ల ఎల్.ఇ.డి. బల్బును రెండు గంటలు వెలిగించడానికి కూడా చాలదు. అంత కొద్ది శక్తితో ఇన్ని పనులు రోజంతా నడపడమే ఇందులోని నేర్పు. నా వాడకంలో ఉదయం ఆరుకు తీస్తే రాత్రి పదింటికి నలభై శాతం వరకు మిగులుతున్నది. ఎనభై శాతం దగ్గర చార్జి ఆగిపోయే ఏర్పాటు ఒకటున్నది. బ్యాటరీ ఆయువు కోసం మామూలు రోజులలో దానినే పెట్టుకుంటున్నాను. ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ ఇస్తామంటున్నారు. బ్యాటరీ మాత్రం ఈ లోపల ఒకసారైనా మార్చవలసి వస్తుందని నా అంచనా.

క్యాంటీను మిత్రులకు సూటిగా చెబుతున్నాను. కేవలం బ్యాటరీ కోసమైతే ఇంత ధర పెట్టనక్కరలేదు. ఇదే 5000 అంకె పదిహేను ఇరవై వేల ఫోన్లలో కూడా ఉన్నది. మిగిలిన లక్షా తెరకు, లోహానికి, కెమెరాకు పోతుంది. నా జీతంతో నేనైతే కొనేవాడిని కాను. తెలుగు చదివే కళ్ళు మందగించినవారు మాత్రం ఆ తెరను ఒకసారి దుకాణంలో చూసి నిర్ణయించుకోండి.

ఫోను వచ్చిన మూడవ వారంలోనే, మే 26 రాత్రి రెమాల్ తుఫాను వచ్చింది. సాగర్ ద్వీపానికి తూర్పున తీరం దాటింది. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. సాయంత్రమే నూటికి నూరు నింపాను. తెర నాణ్యత తగ్గించి, వెలుతురు సగానికి దించి, పొదుపు మోడ్ పెట్టాను. రాత్రి పదకొండింటికి మా వీధిలో కరెంటు పోయింది. మా ఆవిడ, "ఏవండీ, ఆ టార్చి ఇలా ఇవ్వండి" అంటే, ఫోనులోది ఇవ్వకుండా విడి టార్చి వెదికి ఇచ్చాను. ఆమె నవ్వింది. సిగ్నల్ వచ్చిపోతూ ఉన్నది. పోయినప్పుడల్లా ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. తమ్ముడికి రెండుసార్లు ఫోను చేశాను. ఏమీ విశేషం లేదు, ఊరికే చేశాను.

తెల్లవారుజామున ఐదింటికి ఇంకా వాన కురుస్తుండగానే అమ్మ పిలిచింది. వీడియోలో సగం ముఖం, సగం ఇంటి దూలం.

"చార్జీ ఉన్నాదేటి, నాయనా?"

"డెబ్బై రెండు ఉందమ్మా."

"నూటికేనా?"

"నూటికే."

"అయితే పాసేలే. ఇంక పెట్టెయ్యి, ఊరికే మాటాడి అయిపోగొట్టకు" అని తానే పెట్టేసింది.