నాయిన అంబాసిడర్, నా మల్టీమీటర్

మా నాయినకు ఒక అంబాసిడర్ ఉంది. మార్క్ 4, పెట్రోల్ బండి, వయసులో నాకంటే చాలా పెద్దది. చిట్యాలలో మా ఇంటి ముందు వేపచెట్టు కిందే దాని చోటు. ఒకప్పుడు పెళ్లిళ్లకు, చెర్వుగట్టు మొక్కులకు కిరాయికి తిప్పేవాడు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని తెలిసిన రోజు బండిని కడిగి, అన్నం తినకుండా పడుకున్నాడని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

పోయిన దసరా సెలవులకు వెళ్లేసరికి బండి బేరం అయిపోయింది. తుక్కుకు! సెల్ఫ్ కొడితే "ఘుర్... ఘుర్" అని రెండుసార్లు మూలిగి ఆగిపోతోంది. కొత్త బ్యాటరీ వేయించాడట. మెకానిక్ సెల్ఫ్ మోటార్ విప్పి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు మార్చాడట. అయినా అదే మూలుగు. ఇంజనే టైట్ అయిందని తేల్చేశారు. తుక్కువాళ్లు సోమవారం వస్తారు.

"నాయినా, రెండు రోజులు ఆగు" అన్నాను. ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం కదా, ఆ మాత్రం పొగరు ఉంటుంది.

"నీకేం తెలుస్తది బిడ్డా. సెల్ఫ్ కొడితే చోక్ వైరు గూడ కాలుతుంది" అన్నడు.

చోక్ వైరు కరెంటు వైరు కాదు, ఉత్తి ఇనుప తీగ. అదెందుకు కాలుతుంది? ఇంజన్ వేడి తగిలి ఉంటుందిలే అని నవ్వేశాను.

ముందు ప్లగ్గులు విప్పి, టాప్ గేర్‌లో వేసి బండిని నెట్టాం. ఇంజన్ హాయిగా తిరిగింది. అంటే టైట్ కాదు. తర్వాత మల్టీమీటర్ తీసి కేబుళ్లన్నీ బీప్ పెట్టి చూశాను. అన్నీ బీప్ అన్నాయి, అన్నీ బాగున్నాయి అనుకున్నాను. ఒక రోజంతా అలా పోయింది. సెల్ఫ్ మోటార్ లాగేది వంద ఆంపియర్లకు పైనే. ఆ దారిలో 0.03 ఓమ్ ఎక్కడ దాక్కున్నా వంద ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు మింగేస్తుంది. మన మల్టీమీటర్‌కు 0.03 ఓమ్ కనిపించనే కనిపించదు, దాని వైర్ల రెసిస్టెన్సే అంతకన్నా ఎక్కువ. ల్యాబ్‌లో వైవా కోసం బట్టీ పట్టిన ఓమ్స్ లా వేపచెట్టు కింద గుర్తు రావడానికి ఇరవై నాలుగు గంటలు పట్టింది.

రెండో రోజు కాయిల్ వైరు పీకేసి, నాయినను సెల్ఫ్ కొట్టమని, కొడుతుండగానే కొలిచాను. బ్యాటరీ 12.6 నుంచి 11.6కి మాత్రమే దిగింది. బ్యాటరీ నీరసమైనదైతే తొమ్మిది చిల్లరకు పడిపోవాలి. ఇది అసలు కష్టపడటమే లేదు, కరెంటును ఎవరో దారిలో ఆపుతున్నారు. ప్లస్ వైపు బ్యాటరీ నుంచి మోటార్ దాకా 0.3. పర్వాలేదు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి 0.1. బాడీ నుంచి ఇంజన్‌కు... 3.0!

కిందకు దూరి చూస్తే గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ పచ్చగా చిలుము పట్టి, బోల్టు దగ్గర నాలుగు పోగుల మీద వేలాడుతోంది. అప్పుడు వెలిగింది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. పట్టీ పోతే కరెంటు వెనక్కి వెళ్లడానికి దొరికిన ఇనుమునల్లా పట్టుకుంటుంది. కార్బురేటర్ నుంచి డ్యాష్‌బోర్డుకు వెళ్లే సన్నని చోక్ వైరు కూడా అందులో ఒకటి.

నాయిన మొదటి మాటలోనే రోగం చెప్పాడు. నేనే వినలేదు.

హైవే పక్కన స్పేర్ పార్ట్స్ షాపులో లారీ ఎర్త్ పట్టీ ఒకటి దొరికింది. బోల్టు చోట తుప్పు గీకి, ఇనుము తెల్లగా అయ్యేదాకా ఎమరీ పేపర్ పట్టి బిగించాను. కొత్తగా కొలిస్తే 0.1. బ్యాటరీ ఈసారి 10.4కు దిగింది, ఇప్పుడు నిజంగా పని చేస్తోంది కాబట్టి.

ప్లగ్గులు, కాయిల్ వైరు పెట్టి నాయినకు తాళం ఇచ్చాను. సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ ఒక్క ఊపులో అందుకుంది. అమ్మ గడప దాటి బయటకు వచ్చింది. నాయిన మాత్రం ఎటూ చూడలేదు. చోక్ నాబ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని కొంచెంసేపు అట్లనే కూర్చున్నాడు.

"సల్లగున్నది" అన్నడు.