గాండీవ విసర్జనం: సేవ ముగిసిన శస్త్రం ఎవరిది?



శస్త్రానికి జన్మ ఉంది, కర్మ ఉంది, విరమణ కూడా ఉంది. జన్మను కొలిమి ఇస్తుంది. కర్మను ధరించినవాని ధర్మం నిర్ణయిస్తుంది. విరమణ విషయంలోనే మానవుని వివేకానికి పరీక్ష. పని ముగిసిన శస్త్రాన్ని దాచుకోవాలా, అమ్ముకోవాలా, కరిగించాలా, ఇచ్చినవారికే తిరిగి ఇవ్వాలా? ఇది రాజులకూ సైనికులకూ మాత్రమే చెందిన ప్రశ్న అని భావించే ఆస్తికులు, కోదాడలోని ఒక సామాన్య గృహంలో దసరా వేళ తండ్రీకుమారుల నడుమ జరిగిన సంభాషణను ఆలకింతురు గాక.

ఆ గృహస్థు పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ పొందినవాడు. ముప్పైయొక్క సంవత్సరాల ఉద్యోగంలో అధికభాగం సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ఠాణాల్లోనే గడిచింది. ఏకైక కుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పండుగకు ఇంటికి వచ్చిన ఆ కుమారుడు తన ఫోనులో ఒక చిత్రాన్ని తండ్రికి చూపాడు. అది గ్లాక్ 22 అనే పిస్టల్. దాని లోహంపై ఒక నగర పోలీసు శాఖ పేరు చెక్కి ఉంది. అక్కడి అంగడిలో దానికి బయానా కట్టి వచ్చాడు. తిరిగి వెళ్ళగానే మిగిలిన సొమ్ము చెల్లించి, గాజు పెట్టెలో అమర్చి ఇంటి హాలులో నిలపాలని సంకల్పం. "నాయినా, నువ్వు పోలీసువు గదా! నీ గుర్తుగ ఉంటదని కొంటున్న" అన్నాడు.

అమెరికాలో ఇది వింత కాదు. అక్కడి పోలీసు శాఖలు కొత్త ఆయుధాలు కొనే సమయంలో పాతవాటిని విక్రేతకే ఇచ్చి, ఆ మేరకు ధర తగ్గించుకుంటాయి. పాత స్కూటరు ఇచ్చి కొత్తది తెచ్చుకునే ఎక్స్ఛేంజి పద్ధతి వంటిదే ఇది. విక్రేత వాటిని శుభ్రపరచి ప్రజలకు అమ్ముతాడు. వీటికే ‘పోలీస్ ట్రేడ్-ఇన్’ అని పేరు. 1990లో పాయింట్ 40 తూటా విపణిలోకి వచ్చిన తరువాత అనేక శాఖలు దానిని స్వీకరించాయి. 2010 తరువాతి దశకంలో ఎఫ్.బి.ఐ. తిరిగి 9 మిల్లీమీటర్ల తూటాకు మళ్ళింది. ఎన్నో శాఖలు అదే మార్గం అనుసరించాయి. ఆ పరిణామంతో పాయింట్ 40 గ్లాక్ పిస్టళ్ళు విస్తారంగా అంగళ్ళకు చేరాయి. తాత్కాలిక వీసాపై నివసించేవారికి అక్కడి చట్టం సామాన్యంగా తుపాకీని నిషేధిస్తుంది. కుమారునికి గ్రీన్ కార్డు లభించింది గనుకనే ఈ కోరికకు దారి తెరుచుకుంది.

సేకరణాభిలాషులు ఇటువంటి ఆయుధంలో చూసే లక్షణాలు విచిత్రమైనవి. ఏళ్ళ తరబడి ఒరలో పెట్టి తీయడంవల్ల పైపూత అరిగి ఉంటుంది. ఎక్కువగా పేల్చినది కాదు గనుక అంతర్భాగం దృఢంగానే ఉంటుంది. చీకటిలో గురి కనబడేందుకు అమర్చిన ట్రిటియం బిందువుల కాంతి సుమారు 12 సంవత్సరాలకు సగానికి తగ్గుతుంది. ఆ మసకబారడాన్ని చూసి వయస్సును ఊహిస్తారు. శాఖ పేరు చెక్కి ఉంటే మోజు మరింత పెరుగుతుంది. అనగా, మరొకని సేవ మిగిల్చిన గుర్తులే కొనేవానికి ఆభరణాలు.

భారతదేశంలో ఇట్టి మార్గం లేదు. పోలీసు శాఖ విడిచిన పిస్టల్ సామాన్యునికి అంగడిలో లభించదు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ కలిగి ఉండరాదు. 2019 సవరణ తరువాత లైసెన్సు ఉన్నవానికి సైతం సామాన్యంగా రెండే పరిమితి. పురాతన విలువ గల ఆయుధాలకు ఆ చట్టంలోని 45వ సెక్షను కొంత మినహాయింపు ఇస్తుంది. అయితే అది మరమ్మతు చేసినా పేలనిదై ఉండాలి. హింసాశక్తి శేషించినంతకాలం ఆయుధం జ్ఞాపికగా మారదని ఆ నియమానికి తాత్పర్యం చెప్పుకోవచ్చు. లౌకిక చట్టమే అయినా ఇందులో ధర్మసూక్ష్మం ఉంది.

తండ్రి ఆ చిత్రాన్ని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు పరిశీలించాడు. పేరును చూడలేదు. అంచుల వద్ద తెల్లబడిన అరుగుదలనే చూశాడు. తరువాత మెల్లగా అన్నాడు: "ఇది ఎవరి నడుముకున్నదో గని, ఒరకెల్లి తీసిన ప్రతిసారీ ఆ మనిషి గుండె జల్లుమని ఉంటది బిడ్డా. నేను ముప్పైయొక్క ఏండ్లు తుపాకీ మోసిన. ఒక్కనాడు గూడ అది నాది గాలె."

ఈ చివరి మాటలో శాస్త్రసారం ఇమిడి ఉంది. పోలీసులు ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అని పిలిచే ఆయుధాగారంలో ప్రతి తుపాకీకి ఒక సంఖ్య ఉంటుంది. విధికి వెళ్ళేవాడు ఆ సంఖ్యకు ఎదురుగా సంతకం చేసి, తూటాలు లెక్కించుకొని స్వీకరిస్తాడు. విధి ముగియగానే తుడిచి, నూనె రాచి, లెక్క చూపి అప్పగిస్తాడు. అభ్యాసంలో పేల్చిన తూటాలకు సైతం ఖాళీ గుల్లలు అప్పగించవలసిందే. స్వీకారం, వినియోగం, ప్రత్యర్పణం అనే ఈ క్రమమే ఆయుధధారికి నిత్యానుష్ఠానం. ధర్మశాస్త్రం దీనిని న్యాసం అంటుంది. న్యాసమంటే నమ్మకంతో ఒకరి వద్ద ఉంచిన వస్తువు. దానిని కాపాడే బాధ్యత ఉంటుంది, అనుభవించే హక్కు ఉండదు.

2015 ఏప్రిల్ మొదటి వారంలో సూర్యాపేట బస్టాండులో రాత్రివేళ తనిఖీ చేస్తున్న పోలీసులపై దుండగులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు విధి నిర్వహణలోనే అసువులు బాశారు. ఆనాడు ఈ తండ్రి కోదాడలో ఉద్యోగంలో ఉన్నాడు. మరునాడు రిజిస్టరులో సంతకం చేసి తుపాకీని అందుకుంటున్నప్పుడు తన చేయి వణికిందని, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదని, ఆ పండుగ రాత్రి తొలిసారి కుమారునికి తెలిపాడు. "గుర్తు పెట్టుకుంటే దాన్ని పెట్టుకో. ఆ వణుకు ఇనుములుండదు" అన్నాడు.

ఇక ఇతిహాసాన్ని పరికించాలి. ఖాండవ దహనవేళ అగ్నిదేవుని ప్రార్థనపై వరుణుడు అర్జునునికి గాండీవాన్నీ అక్షయ తూణీరాలనూ అనుగ్రహించాడు. కురుక్షేత్ర సంగ్రామం ముగిసింది. శ్రీకృష్ణ నిర్యాణానంతరం ద్వారకా స్త్రీలను తోడ్కొని వస్తున్న అర్జునుని ఆభీరులు అడ్డగించారు. అతికష్టంమీద విల్లు ఎక్కుపెట్టగలిగాడు. దివ్యాస్త్రాలు స్ఫురణకు రాలేదు. అక్షయమైన అమ్ములపొదులు రిక్తమయ్యాయి. ఆ అస్త్రాల ప్రయోజనం తీరిపోయిందని వ్యాసభగవానుడు అతనికి బోధించాడు. ఇది మౌసల పర్వ వృత్తాంతం.

అయినను అర్జునుడు గాండీవాన్ని విడువలేదు. మహాప్రస్థానిక పర్వంలో రాజ్యాన్ని, భోగాలను, రాజవస్త్రాలను త్యజించి పాండవులు బయలుదేరినప్పుడు అతని చేతిలో ఆ విల్లు ఉంది. అందుకు కారణంగా మహర్షి చెప్పినది రత్నలోభం. శత్రుభయం లేదు, క్షాత్రధర్మం లేదు. అమూల్య వస్తువుపై మమకారం మాత్రమే మిగిలింది. చివరికి అగ్నిదేవుడే స్వయంగా దారికి అడ్డంగా నిలిచి, వరుణుని సొత్తును వరుణునికే తిరిగి ఇవ్వమని శాసించాడు. అర్జునుడు విల్లునూ తూణీరాలనూ జలాల్లో విడిచాడు. గీతోపదేశం విన్న మహాపురుషునికే ఆ బంధం తనంతట తాను తెగలేదంటే, గాజు పెట్టె ముందు నిలిచిన సామాన్యుని మాట చెప్పనేల?

శ్రీమద్రామాయణ అరణ్యకాండలో సీతామాత శ్రీరామునికి వినిపించిన కథ మరింత సన్నిహితమైనది. సత్యవాది అయిన ఒక తపస్వి ఆశ్రమానికి ఇంద్రుడు భటుని వేషంలో వచ్చి ఒక ఖడ్గాన్ని న్యాసంగా ఉంచి వెళ్ళాడు. అప్పగించిన వస్తువు పోరాదన్న జాగ్రత్తతో ఆ ముని ఫలమూలాలకు వెళ్ళినా దానిని వెంట తీసుకువెళ్ళాడు. నిత్య సాన్నిధ్యంవల్ల క్రమంగా బుద్ధి క్రౌర్యానికి మళ్ళింది. తపస్సు నశించింది. ముని దుష్టుడై ఖడ్గాన్ని కోరలేదు. ఖడ్గం చెంత ఉండగా ఉండగా అతని చిత్తమే మారింది. వస్తుసంసర్గం నిశ్శబ్దంగా పనిచేస్తుందని ఈ కథ హెచ్చరిక.

కుమారుడు ఊరుకోలేదు. విద్యావంతుడు గనుక పూర్వపక్షం చేశాడు. "మరి దసరాకు ఆయుధపూజ ఎందుకు నాయినా? పోలీసోళ్ళు గూడ చేస్తరు గదా?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు సమాధానం జమ్మిచెట్టు వద్దనే ఉంది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను శమీవృక్షంపై భద్రపరచినప్పుడు, ఎవరూ దగ్గరకు రాకుండా ఒక శవాన్ని కట్టారు. చూడముచ్చటగా అలంకరించలేదు. చూడబుద్ధి కాకుండా చేశారు. కార్యం వచ్చినప్పుడు దించారు. నేడు పోలీసులు విజయదశమినాడు ఆయుధాలకు కుంకుమ పెట్టి, మరునాడు వాటితోనే విధికి వెళతారు. పూజ విధిని స్మరింపజేస్తుంది. విధి నుంచి విడిపోయిన శస్త్రానికి చేసే అలంకారం చూసేవాని కన్నుకే తృప్తి. తెలంగాణ గ్రామాల్లో ఆనాడు బంగారమని పంచుకునేది జమ్మి ఆకునే.

"నేను కొనకుంటే ఇంకొకడు కొంటడు. నా చేతిల ఐతే భద్రం" అన్నది రెండవ పూర్వపక్షం. ఇందులో కొంత సత్యం ఉంది. 2024లో అమెరికా పాత్రికేయులు వెలువరించిన పరిశోధన ప్రకారం, 2006 తరువాతి కాలంలో ఒకప్పుడు పోలీసులవైన తుపాకులు 52,000కు పైగా నేరస్థలాల్లో పట్టుబడ్డాయి. రక్షణకై పుట్టినవి చేతులు మారి భక్షణకు చేరాయి. తండ్రి ఒక్క మాటే అడిగాడు: "నీ చేతిల భద్రమే. నీ తర్వాత ఎవరి చేతిల?" ఆరేండ్ల మనుమడు పక్క గదిలో నిద్రిస్తున్నాడు.

స్మృతి నిలవాలంటే సాధనం నిలవాలన్న నియమం లేదు. సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంత గ్రామాలు 1946 నుంచి 1951 వరకు సాయుధ పోరాటాన్ని చూశాయి. వడిసెల, బర్మారు అనే మాటలు నేటికీ వృద్ధుల నోట వినిపిస్తాయి. 1951 అక్టోబరులో ఆ పోరాటం విరమించబడింది. ఆనాటి త్యాగాన్ని ఆ పల్లెలు స్తూపాల్లోనూ పాటల్లోనూ నిలుపుకున్నాయి. గోడకు తుపాకీ వేలాడదీసుకోనందువల్ల ఎవరి జ్ఞాపకమూ చెరిగిపోలేదు.

ప్రయాణమయ్యే నాడు తండ్రి తన యూనిఫాంపై ధరించిన నేమ్ ప్లేటును కుమారుని చేతిలో ఉంచాడు. "ఇది నా పైసలతోని చేయించుకున్న. ఇది నాదే" అన్నాడు. కొన్ని వారాల తరువాత కుమారుడు ఫోను చేశాడు. పిస్టల్ కొనలేదని, కట్టిన బయానా తిరిగి రాదని చెప్పాడు. ఆపై నిజాయతీగా మరొక మాట కలిపాడు: "కోరిక ఐతే పోలేదు నాయినా. కొనలేదు, అంతే." తండ్రి నవ్వి, "అది చాలు బిడ్డా" అన్నాడు.

జిజ్ఞాసువులు ఈ సమాధానంలోని అంతరార్థాన్ని గ్రహించాలి. సాధనలో దమం ముందు, వైరాగ్యం వెనుక. చేయి వెనుకకు తీసుకున్న క్షణానే మనస్సు వెనుకకు రాదు. చేయి నిలిస్తే కాలక్రమంలో మనస్సు అనుసరిస్తుంది. అర్జునుడు విల్లును నీట విడిచిననాడు లోభం అదే నిమిషంలో నశించిందని చెప్పలేము. కాని ఆ తరువాతి అడుగులు వట్టి చేతులతోనే పడ్డాయి. అధికారం, పదవి, పాండిత్యం, దేహబలం, చివరికి ఈ దేహం కూడా ఒక సంఖ్యకు ఎదురుగా సంతకం చేసి స్వీకరించినవే. లెక్క అప్పగించే వేళ వచ్చినప్పుడు అగ్ని దారికి అడ్డంగా నిలువవలసిన అవసరం రాకుండా, అడగకముందే తిరిగి ఇవ్వగలిగినవాడు ధన్యుడు.

శుభం భూయాత్.