ఆగి లేచు కంప్యూటరు

గోదావరిఖనిలో ఇల్లు తుడుచుట ఎంత పనియో ఆ యూరిలో కాపురము చేసినవారికే తెలియును. ఉదయమున తుడిచిన బల్లమీద సాయంకాలమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును. ఆరవేసిన తెల్లబట్టలు మడతపెట్టునప్పటికి బూడిదరంగు తిరుగును. సింగరేణి బొగ్గే మాకు అన్నము పెట్టుచున్నది గాన ఆ నలుపును గూర్చి మేమంతగా సణుగుకొనము. కాని 2023వ సంవత్సరము ఏప్రిలు నెలలో మా యింటి కంప్యూటరు పనిచేయుచుండగనే తటాలున ఆరిపోయి, ఎవరును తాకకుండగనే మరల తనంతట తాను లేచుట మొదలుపెట్టినప్పుడు, మేము మొట్టమొదట దోషము మోపినది ఆ బొగ్గుపొడిమీద కాదు. మా రెండవ అమ్మాయిమీద.

ఆ కంప్యూటరు ఒక కంపెనీ తయారుచేసి పెట్టెలో పెట్టి అమ్మినది కాదు. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగమున చేరిన క్రొత్తలో సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున ఒక దినమెల్ల తిరిగి, మదర్‌బోర్డు ఒకచోట, ప్రాసెసరు ఒకచోట, ర్యాము ఒకచోట కొనితెచ్చి మా యింటి నట్టింట కూర్చుండి తన చేతులతో బిగించినాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చెల్లెలి కొఱకు ఒక గ్రాఫిక్స్ కార్డు కూడ అమర్చి పోయినాడు. అమ్మాయి పాలిటెక్నిక్కులో సివిలు చదువుచున్నది. ఇండ్ల పటములను కంప్యూటరులోనే గీయవలెను.

"నీవు ఏవో ఆటలు దింపుకొంటివి, వైరసు పట్టినది" అని మేమంటిమి. కాదని రెండుమారులు చెప్పినది. మూడవమారు ఏమియు అనక, పుస్తకములు సంచిలో వేసికొని, నాలుగు వీధుల అవతలి క్వార్టర్సులోని స్నేహితురాలి యింటికి పోయి అక్కడ పటములు గీసికొన నారంభించినది. రామగుండపు ఎండలను మీరు వినియే యుందురు. ఆ యెండలో మధ్యాహ్నము గొడుగు వేసికొని పోవుచున్న పిల్లను చూచియు మేము ఊరకుంటిమి. తప్పు చేసినది గనుకనే మాటాడక పోవుచున్నదని మా తలంపు.

అబ్బాయి ఫోనులో ఒక్కమాట చెప్పినాడు: "అమ్మా, ఊహించకు. ఆగినప్పుడల్లా వ్రాసిపెట్టు." చేతికి దొరికినది పాలలెక్కల పుస్తకము. దానిలోనే వ్రాయ మొదలిడితిమి. ఎన్నిగంటలకు ఆగెను, అప్పుడేమి పని జరుగుచుండెను, ఫ్యాను మందగించెనా, ట్యూబులైటు కొట్టుకొనెనా, ఇవి మా గడులు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు మా కిటికీలు గడగడలాడును గాన, ఆ యదురునకు లోపలి భాగములు కదలుచున్నవేమోయని దానికిని ఒక గడి పెట్టితిమి.

పదిదినములలో పదునాలుగుమారులు ఆగెను. బ్లాస్టింగు వేళతో ఒక్కటియు కలియలేదు. ఫ్యాను ఎన్నడును మందగించలేదు. యూ.పీ.ఎస్.ను తప్పించి నేరుగా గోడప్లగ్గుకు తగిలించినను అదే తీరు. అన్నిటికంటె మమ్ము కలవరపెట్టినది మరొకటి. ఆ పదునాలుగుమారులును అమ్మాయి ఇంట లేదు! కంప్యూటరు ముందున్నది మేమే. మా మరిదిగారి కుమార్తె పెండ్లి వీడియోలను అతికి కూర్చుచుంటిమి. ఉత్తరములు చదివినంతసేపు, పాటలు విన్నంతసేపు అది బుద్ధిగానే యుండెను. వీడియోను కూర్చి తయారుచేయుమని ఆజ్ఞ యిచ్చి వంటయింటిలోనికి పోయివచ్చునప్పటికి ఆగి లేచియుండెను. అనగా మనిషినిబట్టి కాదు, పనిబరువునుబట్టి ఆగుచున్నది.

విండోసులో ఒక సౌకర్యము కలదు. తప్పు జరిగినప్పుడు నీలితెర చూపి, వెంటనే తనంతట తానే తిరిగి మొదలగును. దానివలన ఆ తెరమీది వ్రాత మనకంట పడదు. దానిని తీసివేసితిమి. ఐనను నీలితెర రాలేదు. లోపలి చిట్టాలో మాత్రము 41 అను అంకెతో, యంత్రము సరిగా మూయబడకయే ఆగినదను మాట యుండెను. ఇది ప్రోగ్రాముల వికారము కాక సామానులదే కావచ్చునని అబ్బాయి అనినాడు.

పిమ్మట ప్లగ్గు ఊడదీసి, పెట్టెను వరండాలోనికి మోసి తలుపు తెరచితిమి. ప్రాసెసరుమీది లోహపుఱెక్కల నడుమ బొగ్గుపొడి నల్లకంబళివలె అట్టకట్టియున్నది. ఫ్యాను తిరుగకుండ ఱెక్కను వ్రేలితో పట్టుకొని మెత్తని కుంచెతో దులిపితిమి. ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి క్రొత్తది పూసితిమి. 92 డిగ్రీలకు పోవుచుండిన వేడి 68కి దిగినది. రెండుదినములు నిమ్మళముగా నడిచెను. మూడవనాడు మరల ఆగెను. మావారు నవ్వి, "స్నానము చేయించితివి, జ్వరము తగ్గలేదు" అనిరి. ర్యాము పలకల అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటి విడిగా పెట్టి చూచితిమి. మావారు బాయిలో రాత్రి షిఫ్టునకు పోయినప్పుడు మెమ్‌టెస్ట్ అను పరీక్షను తెల్లవారువఱకు నడిపితిమి. ఒక్క తప్పును దొరకలేదు.

ఇక మిగిలినది ఎస్.ఎం.పి.ఎస్. అను ఇనుపడబ్బా. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగములకు పంచునది అదియే. తాను సరిగా నున్నంతసేపు మదర్‌బోర్డునకు ఒక సంకేతమును పంపుచుండును. బరువు ఒక్కమారుగా పెరిగి వోల్టులు జారినచో ఆ సంకేతము తెగును. మదర్‌బోర్డు వెంటనే మొదటికి వచ్చును. వేడికిని, వయస్సునకును లోపలి కెపాసిటర్లు సత్తువ కోల్పోవును. ఆ డబ్బాను మాత్రము ఎవరును ఇంట విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప కూడ లోపల ప్రాణములు తీయగల కరెంటు నిలిచియుండును. చౌరస్తా దగ్గఱి మరమ్మతుల అబ్బాయి తన డబ్బాను నాలుగుదినములకు ఎరువిచ్చెను. పెండ్లి వీడియో మొత్తము ఒక్కతూరి తయారైనది. నాలుగుదినములలో ఒక్కమారును ఆగలేదు.

ఇంటి ప్రక్కన ఎన్.టి.పి.సి. కేంద్రము 1983 మొదలుకొని కరెంటు పుట్టించుచు, నేడు 2,600 మెగావాట్ల శక్తితో దక్షిణదేశపు రాష్ట్రములకు పంపుచుండగా, మా నట్టింటి పెట్టె కరెంటు చాలక సొమ్మసిల్లుచుండెనన్న మాట!

ఆ డబ్బా ఎక్కడిదని అడుగుదురేమో. తొమ్మిదేండ్ల క్రిందటి మా పాత కంప్యూటరుది. సంక్రాంతినాడు గ్రాఫిక్స్ కార్డు అమర్చుచు, దీనికి క్రొత్తది కావలెనని అబ్బాయి అనగా, "బాగుగానున్న దానిని పారవేసి మూడువేలు తగులబెట్టవలెనా?" అని అడ్డుపడినవారము మేమే.

ఆ సాయంకాలము అమ్మాయి గొడుగు మడిచి లోపలికి వచ్చునప్పటికి ఈ సంగతి చెప్పి, "తప్పు మాదేనమ్మా" అంటిమి. కాళ్ళు కడుగుకొనుచు, "అన్న ఆనాడే చెప్పిండు గదమ్మా" అనినది. అంతకుమించి ఏమియు అనలేదు. భోజనమైన పిమ్మట కంప్యూటరు ముందు కూర్చుండి తన పటము తెరచినది. మేము ప్రక్కన పీట వేసికొని, పడకగది తూర్పునకు ఏల పెట్టితివని అడుగుచు పదిగంటలవఱకు కూర్చుంటిమి.

ఏప్రిలు నెలలో పాలు ఎన్ని లీటర్లు పోయించుకొంటిమో మాత్రము తేలలేదు. పాలాయన చెప్పినంతయు ఇచ్చివేసితిమి.