థెల్మా రిట్టర్ వచ్చిందంటే

పాత హాలీవుడ్ సినిమాలు చూసే అలవాటు మీకుంటే థెల్మా రిట్టర్‌ని చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా సరే. పొట్టి మనిషి, బొంగురు గొంతు, అచ్చమైన బ్రూక్లిన్ యాస. పనిమనిషిగానో, నర్సుగానో, తల్లిగానో వస్తుంది. వచ్చిందంటే ఇక నా కళ్లు హీరోయిన్ మీద నిలవవు.

1902లో బ్రూక్లిన్‌లోనే పుట్టింది. న్యూయార్క్‌లో నటన నేర్చుకుంది, నాటకాలు వేసింది, పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని పెంచింది, రేడియోలో పనిచేసింది. మొదటి సినిమా నాటికి నలభై అయిదేళ్లు! 1947లో వచ్చిన 'మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్'. క్రిస్మస్ రద్దీలో మేసీస్ దుకాణం. పిల్లాడు శాంటాని ఫైరింజన్ బొమ్మ అడుగుతాడు. అది ఎక్కడా దొరకలేదు, మాటివ్వకండి బాబూ అని తల్లి వెనకనుంచి సైగలు. ఆయన మాటిచ్చేస్తాడు! ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. ఫలానా కొట్లో ఉందమ్మా, వెళ్లి కొనుక్కో అని ఆయనే చెప్పేసరికి ఆ కోపం కాస్తా ఆశ్చర్యమైపోతుంది. ఆ తల్లే థెల్మా. టైటిల్స్‌లో పేరైనా వెయ్యలేదు ఆ వేషానికి.

తర్వాత 'ఆల్ అబౌట్ ఈవ్', హిచ్‌కాక్ తీసిన 'రియర్ విండో'. కాలు విరిగి కుర్చీకి అతుక్కుపోయిన హీరోకి మర్దనా చేస్తూ, చీవాట్లు పెడుతూ, ఎదురింటాయన పెళ్లాన్ని ఎక్కడ ముక్కలు చేసి ఉంటాడో ఆరా తీసే నర్సు స్టెల్లా ఆవిడే. అతను పాపం అప్పుడే టిఫిన్ తింటుంటాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం 1953 నాటి 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్' గురించి. శామ్యూల్ ఫుల్లర్ తీశాడు. మో అనే ముసలావిడ వీధుల్లో టైలు అమ్ముతుంది, పోలీసులకి జేబుదొంగల ఆచూకీ కూడా అమ్ముతుంది. ఎందుకనుకున్నారు? అనాథ శవాల గుంటలో పడకుండా, తనకంటూ ఒక సమాధి కొనుక్కోవడానికి! ఓ రాత్రి అలసిపోయి గదికి వచ్చి, గ్రామఫోన్ పెట్టుకుని మంచం మీద వాలుతుంది. అక్కడో హంతకుడు కూర్చుని ఉంటాడు. స్కిప్ అనే జేబుదొంగ ఎక్కడున్నాడో చెప్పమంటాడు. అంతకుముందు పోలీసులకి డబ్బు తీసుకుని అదే స్కిప్‌ని పట్టించిన మనిషి, ఇప్పుడు ప్రాణం పోతున్నా చెప్పదు. ఏడవదు, బతిమాలుకోదు. రోజంతా తిరిగి తిరిగి కాళ్లు పడిపోయిన మనిషి ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడుతుంది. కెమెరా గ్రామఫోన్ వైపు తిరుగుతుంది, తుపాకీ మోత మాత్రం మనకి వినిపిస్తుంది. ఆ సీనులో ఆవిడ 'నటించిన' చోటు ఎక్కడా నాకు దొరకదు.

ఆ వేషానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, వరసగా నాలుగో ఏడాది. మొత్తం ఆరుసార్లు వచ్చింది. ఒక్కసారీ బహుమతి దక్కలేదు. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, మో పాత్రకి ఇవ్వకపోవడం అన్యాయమే. 1955లో ఆ ఆస్కార్ వేడుకనే న్యూయార్క్ వేదిక మీద నడిపించిందావిడ! బ్రాడ్‌వే మాత్రం 1958లో టోనీ అవార్డు ఇచ్చి గౌరవించింది. 1969లో న్యూయార్క్‌లోనే పోయింది.

ఆవిడ సినిమాలు కొత్తగా చూసేవాళ్లయితే 'రియర్ విండో'తో మొదలుపెట్టండి. స్టెల్లాతో బాగా చనువు ఏర్పడ్డాకే మో దగ్గరికి వెళ్లండి.